మర విసిరిన బంతి, మనిషి విసిరిన బంతి

అమెరికాలో చాలా పట్నాలలో ఊరి చివర ఒక విచిత్రమైన బోను కనిపిస్తుంది. ఇనుప స్తంభాలు పాతి, నాలుగు వైపులా, పైనా వలలు కట్టి ఉంటారు. దాన్ని బ్యాటింగ్ కేజ్ అంటారు. పెట్టెలో ఒక బిళ్ల వేసి, తలకు హెల్మెట్ తగిలించుకుని, బ్యాటు పట్టుకుని ఒక కొసన నిలబడితే, అవతలి కొసన ఉన్న యంత్రం ఒకదాని వెంట ఒకటిగా బంతులు రువ్వుతుంది. నిదానంగా వచ్చేవి ఒక గదిలో, వేగంగా వచ్చేవి మరో గదిలో. ఎవరి శక్తికి తగిన గదిలోకి వారు వెళ్లవచ్చు. శనివారం వచ్చిందంటే తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి చేరుతారు. ఆ దేశంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారి పిల్లలూ వారిలో ఉంటారు. పిల్లవాడు బంతి వెంట బంతి టకటకా బాదుతూ ఉంటే, వల బయట నిలబడిన తండ్రికి కడుపు నిండిపోతుంది.

తెల్లవారి ఆదివారం అసలు ఆట. అదే పిల్లవాడు, అదే బ్యాటు. ఎదురుగా మాత్రం యంత్రం లేదు. వాడి యీడు కుర్రవాడే మరొకడు ఉన్నాడు. వాడి బంతి నిన్నటి యంత్రం బంతికన్న నిదానమే. అయినా మనవాడు మూడుసార్లు బ్యాటు విసిరి మూడుసార్లూ గాలిని కొట్టి, తల వంచుకుని వచ్చి బల్లమీద కూర్చుంటాడు. "నిన్న అన్ని కొట్టావు గదరా, ఇవాళ నీకేం వచ్చింది?" అని తండ్రి అడుగుతాడు. పిల్లవాడి దగ్గర జవాబు ఉండదు. కొందరు పిల్లలు ఆ ప్రశ్న వినలేకే ఆట మానుకుంటారు కూడా.

జవాబు లేకపోలేదు. అది పిల్లవాడి సోమరితనంలోనూ లేదు, తండ్రి దురదృష్టంలోనూ లేదు. ఆ జవాబు కోసం శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా వెతికి చాలావరకు పట్టుకున్నారు.

రెప్పపాటు లెక్క

క్రికెట్ ఎరిగిన మనకు బేస్‌బాల్ అర్థం కావటం కష్టం కాదు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతడు పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలిచి విసురుతాడు. అక్కడినుంచి బ్యాటు పట్టినవాడి ముందున్న పలకకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. ఈ దూరం 1893లో ఏర్పడింది, ఈనాటికీ మారలేదు. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. కొట్టేవాడి మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, పలక మీదుగా వచ్చేది మంచి బంతి. దాన్ని వదిలినా, కొట్టబోయి తప్పినా ఒక తప్పు. మూడు తప్పులైతే ఇంటికి వెళ్లవలసిందే. చెడ్డ బంతులు నాలుగు వదిలితే మాత్రం నడుచుకుంటూ మొదటి గడికి చేరవచ్చు. కనుక ఎలా కొట్టాలన్నది రెండో ప్రశ్న. కొట్టాలా, వదలాలా అన్నది మొదటి ప్రశ్న.

ఇప్పుడు లెక్క చూడండి. పెద్ద జట్లలో మంచి పిచర్ గంటకు 95 మైళ్ల వేగంతో విసురుతాడు. అంటే సెకండుకు దాదాపు 139 అడుగులు. పెద్ద అంగ వేసి విసురుతాడు గనుక బంతి అతని చేతినుంచి వెలువడే చోటు పలకకు ఇంచుమించు 55 అడుగులే. బంతి ఆ దూరం దాటటానికి పట్టే కాలం సెకండులో పదింట నాలుగు వంతులు. బ్యాటు తిప్పటానికే అందులో ఒకటిన్నర వంతు పోతుంది. మిగిలిన రెండున్నర వంతులలో కన్ను బంతిని చూడాలి, అది ఏ రకమో మెదడు తేల్చాలి, కొట్టటమా మానటమా అన్నది నిర్ణయించాలి, ఆ ఆజ్ఞ చేతులకు చేరాలి. పిల్లల ఆటలో ఈ దూరం 46 అడుగులు. వేగం తగ్గినా దూరమూ తగ్గింది గనుక వాళ్లకు దొరికే వ్యవధీ పెద్దగా ఎక్కువ కాదు.

ఇంత కష్టం కాబట్టే పదింట మూడు కొట్టినవాణ్ణి ఆ దేశం గొప్ప ఆటగాడంటుంది. ఒక ఏడాది పొడవునా పదింట నాలుగుకు మించి కొట్టిన చివరివాడు బోస్టన్ జట్టు ఆటగాడు టెడ్ విలియమ్స్. అది 1941లో. అతని సగటు 0.406. ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగులలో ఇంతవరకు ఎవరూ ఆ మెట్టు ఎక్కలేదు.

బంతి మీదినుంచి చూపు తిప్పకు!

ప్రతి గురువూ మొదటిరోజు చెప్పే పాఠం ఇది. బ్యాటుకు బంతి తగిలేదాకా దాన్నే చూస్తూ ఉండమంటాడు. చెప్పటానికి బాగానే ఉంటుంది. 1984లో టెర్రీ బాహిల్ అనే ఇంజనీరు, తన సహచరుడితో కలిసి దీన్ని పరీక్షకు పెట్టాడు. దారానికి కట్టిన బంతిని మోటారుతో లాగి, ఆటగాళ్ల కళ్లు దాని వెంట ఎంతవరకు పోగలవో కొలిచాడు. పెద్ద జట్టులో ఆడే మనిషి చూపు కూడా, బంతి పలకకు ఇంకా ఐదున్నర అడుగుల దూరంలో ఉండగానే వెనకబడిపోయింది. మామూలు విద్యార్థుల చూపు అంతకు చాలా ముందే తప్పిపోయింది. దగ్గరకు వచ్చేకొద్దీ బంతి కంటికి అడ్డంగా దూసుకుపోయే వేగం అంతగా పెరుగుతుంది.

అనగా చివరి అడుగులలో బ్యాటు తగిలేది కంటికి కనబడే బంతికి కాదు, మనసు ఊహించిన బంతికి. మరి ఆ ఊహ ఎక్కడినుంచి వస్తున్నది?

వీరులను ఓడించిన వనిత

దీనికి చక్కని సమాధానం 2004 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో దొరికింది. అక్కడ ఒక వినోదపు పోటీ జరిగింది. ఆల్బర్ట్ పూహోల్స్, మైక్ పియాజా, బ్రయన్ జైల్స్ వంటి హేమాహేమీలు బ్యాటు పట్టారు. పూహోల్స్ అంతకు ముందటి ఏడాదే తన లీగులో అందరికన్న మిన్న సగటు సాధించినవాడు. ఎదురుగా బంతి విసిరింది జెన్నీ ఫించ్ అనే యువతి. ఆమె ఆడేది సాఫ్ట్‌బాల్. ఆ ఏడాదే ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణపతకం తెచ్చిన జట్టులోని మనిషి. సాఫ్ట్‌బాల్‌లో బంతి పెద్దది. చేతిని గిరగిరా తిప్పి నడుము దిగువనుంచి విసరాలి. దూరం 43 అడుగులు. వేగం గంటకు 60 మైళ్ల పైచిలుకు. దూరమూ వేగమూ కలిపి లెక్కిస్తే, బంతి చేరటానికి పట్టే వ్యవధి ఆ వీరులు నిత్యం ఎదుర్కొనే వ్యవధికి దాదాపు సమానం. బంతి పెద్దది గనుక కొట్టటం ఇంకా తేలిక కావాలి గదా!

ముగ్గురూ ఓడిపోయారు. ఒక్కరి బ్యాటుకూ బంతి సరిగా తగలలేదు.

వాళ్ల కళ్లు మందగించాయా? లేదు. చేతులు నెమ్మదించాయా? అదీ లేదు. వాళ్లు చిన్ననాటినుంచి వేలాది పిచర్లను చూసినవాళ్లు. భుజం ఎట్లా తిరిగితే, మోచెయ్యి ఎంత ఎత్తున ఉంటే, మణికట్టు ఎటు వాలితే ఏ బంతి వస్తుందో వారి మెదడు వారికి తెలియకుండానే చదివేస్తుంది. బంతి చేతిలో ఉండగానే సగం ఉత్తరం చదవటం అయిపోతుంది. ఫించ్ గిరగిరా తిప్పే చెయ్యి మాత్రం వాళ్లు నేర్వని లిపి. కళ్లున్నా చదువురానివాళ్లయినారు.

ఆస్ట్రేలియాలో బ్రూస్ అబర్నెతీ ప్రభృతులు 1980 దశకంనుంచి చేసిన పరీక్షలూ ఇదే చెబుతున్నాయి. బంతి వెలువడే క్షణానికే సినిమా ఆపివేసి, "ఎక్కడ పడుతుందో చెప్పు" అంటే, చేయి తిరిగిన ఆటగాడు చాలాసార్లు చెప్పగలడు. కొత్తవాడు తెల్లబోతాడు.

తుపాకి మందుతో పుట్టిన యంత్రం

ఇక యంత్రం కథ. దాన్ని మొదట తయారుచేసినవాడు ఆటగాడు కాడు, గణిత పండితుడు. చార్లెస్ హోవర్డ్ హింటన్ అనే ఆంగ్లేయుడు నాలుగో పరిమాణాన్ని గురించి గ్రంథాలు రాసి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఉండేవాడు. 1897లో ఆయన అక్కడి విద్యార్థుల అభ్యాసం కోసం బంతులు విసిరే తుపాకి తయారుచేశాడు. నిజంగా తుపాకి మందే! గొట్టం మూతిదగ్గర రబ్బరు తొడిగిన రెండు వేళ్లు అమర్చి బంతిని వంకర తిప్పేవాడు కూడా. విద్యార్థులకు దెబ్బలు తగిలాయి. వాళ్లు దాన్ని చూస్తేనే బెదిరిపోయేవారట. తరువాతి కాలంలో తుపాకి మందు పోయి ఇనుప చెయ్యి వచ్చింది. ఆ తరువాత గిరగిర తిరిగే రెండు చక్రాల నడుమ బంతిని నొక్కి చిమ్మే యంత్రాలు వచ్చాయి. 1970 దశకంనుంచి ఇవి బాగా వ్యాపించాయి. ఒక చక్రం వేగం పెంచి ఇంకొకటి తగ్గిస్తే బంతి వంకర కూడా తిరుగుతుంది.

ఇన్ని నేర్చిన యంత్రానికి రానిదేమిటి? దానికి భుజం లేదు, మోకాలు లేదు, మణికట్టు లేదు. కొట్టేవాడు పిచర్ కాలు ఎత్తటం చూసి తన బరువు వెనక్కు వేసుకోవాలి. పిచర్ అడుగు ముందుకు పడుతుంటే తానూ అడుగు వేయాలి. ఇద్దరూ కలిసి తాళం పట్టినట్లు ఉంటుంది ఆ కదలిక. యంత్రం ముందు పిల్లవాడు దేన్ని చూసి తాళం పట్టాలి? ఎర్రదీపం వెలగటం, ఇనుప చెయ్యి కిర్రుమనటం. అతడు వాటినే నేర్చుకుంటాడు. ఆదివారం పిచర్‌కు ఎర్రదీపమూ లేదు, కిర్రుచప్పుడూ లేదు.

ఇది ఊహ కాదు. క్రికెట్‌లో ఇయాన్ రెన్షా, కీత్ డేవిడ్స్ మొదలైనవారు 2007లో ప్రకటించిన పరిశీలనలో ఒకే బ్యాట్స్‌మన్ చేత యంత్రం బంతినీ, బౌలర్ బంతినీ ఆడించి చూశారు. బ్యాటు వెనక్కు ఎత్తే వేళ, కిందికి దించే వేళ, అడుగు వేసే తీరు, వీటి పొందిక అంతా యంత్రం ముందు ఒక రకంగానూ, మనిషి ముందు మరో రకంగానూ ఉన్నది. యంత్రం ముందు నేర్చినదే మైదానంలో పనికివస్తుందనుకోవటం ఎంత పొరపాటో మన క్రికెట్ శిక్షణ కేంద్రాలవారు కూడా గమనించవలసి ఉన్నది.

బంతి వెనుక ఒక మనసు

రెండో సంగతి ఇంకా ముఖ్యం. యంత్రం నలభై బంతులూ ఒకే తీరున విసురుతుంది. మూడో బంతికే ఒడుపు చిక్కుతుంది. మిగిలిన ముప్ఫైయేడూ ఆ ఒడుపు వల్లె వేయటమే. పిచర్ అట్లా కాదు. అతడు శత్రువు. అదే చెయ్యి, అదే ఊపు చూపించి, ఒకసారి ఫాస్ట్‌బాల్ వేస్తాడు. మరోసారి ఛేంజప్ వేస్తాడు. చూడటానికి అంతా వేగమే. బంతి మాత్రం గంటకు ఏ పది మైళ్లో తక్కువ వేగంతో వచ్చి, కొట్టేవాడి బ్యాటు ముందే తిరిగిపోయేట్లు చేస్తుంది. మూడోసారి కర్వ్. అది వస్తూ వస్తూ కిందికి జారిపోతుంది. నిరుడు నీవు ఏ బంతికి తడబడ్డావో అతనికి గుర్తుంటుంది.

1994లో కాలిఫోర్నియాలో ఒక కళాశాల జట్టు మీద జరిగిన పరిశీలన వెలువడింది. 30 మందిని మూడు జట్లు చేశారు. రెండు జట్లవారికి 6 వారాలపాటు, వారానికి రెండేసి పూటలు, పూటకు 45 బంతులు అదనంగా ఇచ్చారు. ఒక జట్టుకు ఫాస్ట్‌బాల్ పదిహేను, కర్వ్ పదిహేను, ఛేంజప్ పదిహేను వరుసగా వచ్చేవి. రెండో జట్టుకు అవే 45 కలగాపులగంగా వచ్చేవి. తరువాతి బంతి ఏదో తెలియదు. చివరికి పరీక్ష పెడితే, వరుసగా ఆడినవారు 25 శాతం మెరుగుపడ్డారు. కలగాపులగంగా ఆడినవారు 57 శాతం మెరుగుపడ్డారు. బంతుల సంఖ్య ఒకటే, చెమటా ఒకటే. తేడా అంతా తెలియకపోవటంలో ఉన్నది.

అష్టావధానం చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంట్లో తలుపులు వేసుకుని, నచ్చిన వృత్తం ఎన్నుకుని పద్యాలు అల్లేవారు ఎందరో ఉన్నారు. మంచి పద్యాలే కావచ్చు. వారిని సభలో కూర్చోబెట్టండి. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికి నిషేధం పెడతారు, పక్కనుంచి ఇంకొకరు గంట కొడతారు. ధార కుదురుకునే వేళకు అప్రస్తుత ప్రసంగి "ఏమండీ, ఇవాళ మీ ఇంట్లో కూరేమిటి?" అని అడుగుతాడు. అప్పుడు తేలుతుంది. ఛందస్సు ఇంట్లో నేర్చుకోవచ్చు. అవధానం మాత్రం పృచ్ఛకుల ఎదుటనే నేర్వాలి. పిచర్ అంటే సమస్య ఇచ్చేవాడూ, నిషేధం పెట్టేవాడూ, అప్రస్తుత ప్రసంగీ, ముగ్గురూ ఒక్కడే అయినవాడు.

భయం సంగతి

మూడోది ఎవరూ పైకి చెప్పుకోనిది. యంత్రం గురి తప్పటం అరుదు. మనిషి తప్పుతాడు, ఒక్కోసారి కావాలనే తప్పుతాడు. 1920 ఆగస్టు 16న న్యూయార్కులో కార్ల్ మేస్ విసిరిన బంతి రే చాప్‌మన్ తలకు తగిలింది. మసకవేళ, మాసిన బంతి. అతడు పక్కకు తప్పుకోలేదు. బంతి కనబడనే లేదేమోనన్నారు చూసినవారు. మరునాటి తెల్లవారుజామున ప్రాణం పోయింది. మన క్రికెట్‌లో 1962లో, వెస్టిండీస్ పర్యటనలో, భారత జట్టు నాయకుడు నారీ కాంట్రాక్టర్ తలకు చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కపాలం పగిలింది. ప్రాణం దక్కింది గాని ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు.

ఎదుటివాడి చేతిలో ఉన్నది తన తలకు తగలవచ్చునన్న ఎరుక ఉన్నప్పుడు కాలు వెనక్కు పోవాలని చూస్తుంది. పోనీయకుండా నిలబడటం కూడా బ్యాటింగులో భాగమే. వలల బోనులో ఈ పాఠం లేదు. ఆదివారం పిల్లవాడు తప్పటానికి ఇదే అసలు కారణం కావచ్చు. వాడు సిగ్గుపడి ఆ మాట తండ్రితో చెప్పడు.

అయితే యంత్రం దండగేనా?

కాదు. యంత్రం ఎందుకు పుట్టిందో మరచిపోకూడదు. మనిషి చెయ్యి అరిగిపోతుంది గనుక పుట్టింది. బలంగా విసిరే ప్రతి బంతికీ మోచేతిలోని స్నాయువు మీద లాగుడు పడుతుంది. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు ఆ స్నాయువు తెగిపోతే, ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు అతని ముంజేతినుంచి నరం తీసి మోచేతిలో అమర్చాడు. అంతకు ముందు ఆ దెబ్బ తగిలితే ఆట ముగిసినట్లే. జాన్ మాత్రం మళ్లీ వచ్చి 1989 వరకు ఆడాడు. ఈనాడు ఆ శస్త్రచికిత్సకే అతని పేరు. పిల్లల సంరక్షణ కోసం లిటిల్ లీగ్ సంస్థవారు 2007నుంచి రోజుకు ఇన్ని బంతులకు మించి విసరరాదని నిబంధన పెట్టారు. 11, 12 ఏళ్లవారికి అది 85.

అంటే మనిషి విసిరిన బంతికి ఖరీదు ఉన్నది. ఒక పిల్లవాడు నేర్చుకోవటానికి మరో పిల్లవాడి మోచెయ్యి ఖర్చవుతుంది. కనుక యంత్రంతో అయ్యే పనులు యంత్రంతోనే చేయించాలి. బ్యాటు బరువు చేతులకు అలవాటు కావటం, నడుము తిరిగే తీరు దిద్దుకోవటం, తప్పిన ఒక దెబ్బను వందసార్లు సరిదిద్దుకోవటం, వీటికి యంత్రమే మేలు. అది అలసిపోదు, విసుక్కోదు.

ఈ లోటు యంత్రకారులకూ తెలుసు. 2020 తరువాత కెనడానుంచి ట్రాజెక్ట్ అనే యంత్రం వచ్చింది. దాని తెర మీద ఫలానా పిచర్ బొమ్మ కదులుతుంది. కాలు ఎత్తుతాడు, చెయ్యి తిప్పుతాడు. సరిగ్గా అతని చెయ్యి ఉన్న చోటినుంచే నిజమైన బంతి, అతని వేగంతో, అతని సుడితో వెలువడుతుంది. అమెరికా పెద్ద జట్లు అనేకం దాన్ని తెప్పించుకున్నాయి. ఇన్నేళ్లుగా యంత్రంలా కొట్టమని మనిషికి నేర్పినవారు, ఇప్పుడు మనిషిలా విసరమని యంత్రానికి నేర్పుతున్నారు!

అంత ఖరీదు యంత్రం పిల్లలకెక్కడిది? అక్కరలేదు. పెద్ద ఆటగాళ్లే చేసే పని ఒకటుంది. తమ జట్టు పిచర్ అభ్యాసం చేసుకుంటుంటే బ్యాటు పట్టుకుని పలక పక్కన నిలబడతారు. కొట్టరు. ఊరికే చూస్తారు. ఇది కర్వ్, ఇది ఫాస్ట్‌బాల్, ఇది వదలవలసింది అని మనసులో అనుకుంటారు. దానివల్ల ఎవరి మోచేతికీ అదనపు బరువు లేదు, ఎవరికీ బిళ్ల ఖర్చు లేదు. కొట్టటానికి ముందు చదవటం నేర్పే బడి అది.

శనివారం బోను దగ్గర నిలబడిన తండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే చాలు. నలభై బంతులు కొట్టించండి, తప్పులేదు. ఆ తరువాత వల బయటికి తీసుకువచ్చి, ఓపిక ఉంటే మీరే ఒక పది బంతులు విసరండి. ఒకటి వేగంగా, ఒకటి మెల్లగా, ఒకటి పక్కగా. వాడు ఏడు తప్పితే తప్పనివ్వండి. ఆదివారం వాడు తల వంచుకుని వచ్చినప్పుడు "నిన్న అన్ని కొట్టావు గదరా" అనకండి. "ఆ కుర్రాడి చెయ్యి ఎట్లా తిరిగింది, చూశావా?" అని అడగండి. ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు ఉంటుంది.